ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటోందా? ఫార్మాట్ కొట్టేముందు ఇలా చేసి చూడండి

ముందు ఒక మాట. కంప్యూటర్ "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటోందంటే చాలాసార్లు మీ డేటా డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది. ఎవరు చెప్పినా సరే, ఫార్మాట్ జోలికి మాత్రం వెళ్లకండి.

ఈ ప్రశ్న నన్ను వారానికి ఒకరైనా అడుగుతుంటారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేశాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. కొత్త ల్యాప్‌టాప్ కొంటారు, పాత డిస్క్ గుచ్చుతారు, అది లోపలికి వెళ్లనివ్వదు. ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

మొన్న ఒక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. చేతిలో 2 టీబీ డిస్క్. దాని మీద తెల్ల టేపు, టేపు మీద స్కెచ్ పెన్‌తో "మాఘం పెళ్లిళ్లు" అని రాసుకున్నాడు.

"అన్నా, పోయిందన్నా. తొమ్మిది పెళ్లిళ్లున్నాయి ఇందులో. ఇంకో షాపులో చూపిస్తే ఫార్మాట్ కొడితే తప్ప తెరుచుకోదన్నారు."

"స్క్రీన్ మీద ఏమని వస్తోంది తమ్ముడూ?"

"ఏదో ఎర్రర్ అన్నా."

ఆ "ఏదో" దగ్గరే ఉంది చిక్కంతా. డిస్క్ తెరుచుకోకపోవడానికి కారణాలు బోలెడు. ఒక్కోదానికి ఒక్కో మెసేజ్ వస్తుంది, ఒక్కోదానికి ఒక్కో మందు. అతని డిస్క్ గుచ్చి చూస్తే తేటగా "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని వచ్చింది. నలభై నిమిషాల్లో తొమ్మిది పెళ్లిళ్లూ కనబడ్డాయి. అందులో నేను చేసిన పని పది నిమిషాలు, మిగతాది కూర్చుని చూడటమే.

మెసేజ్ ఏమిటో ముందు చదవండి

ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎవరికైనా చూపించడానికీ పనికొస్తుంది.

"యాక్సెస్ ఈజ్ డినైడ్" అనో, "యు డోంట్ కరెంట్లీ హ్యావ్ పర్మిషన్" అనో వస్తే ఇక్కడ రాసింది మీ కోసమే.

"యు నీడ్ టు ఫార్మాట్ ది డిస్క్" అని వస్తే అది పర్మిషన్ గొడవ కాదు. డిస్క్ మీది ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో డిస్క్ రాసుకునే పద్ధతి) దెబ్బతిని ఉండాలి, లేదా ఆ డిస్క్‌ను మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఫార్మాట్ చేసి ఉండాలి. మ్యాక్ డిస్క్‌ను విండోస్‌కి పెట్టినా ఇదే మాట అంటుంది, డిస్క్‌లో ఏ లోపమూ లేకపోయినా. క్యాన్సిల్ కొట్టి బయటికి రండి.

"ది పారామీటర్ ఈజ్ ఇన్‌కరెక్ట్", "కరప్టెడ్ అండ్ అన్‌రీడబుల్" లాంటివి వస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నట్టు. "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అని వస్తే డిస్క్‌లోంచి డేటా చదవడమే కష్టమవుతోందని అర్థం. ఈ రకాలకు కింద చెప్పిన పద్ధతి పని చేయదు, పైగా చెడుతున్న డిస్క్‌కి పని పెంచినట్టవుతుంది. డిస్క్ టిక్ టిక్ మని కొట్టుకుంటూ ఉంటే వెంటనే తీసేసి, డేటా ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

అసలు ఎందుకిలా అవుతుంది?

డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే, ఏ ఫోల్డర్ ఎవరిది, ఎవరు తెరవచ్చు అన్న జాబితా ఆ డిస్క్‌లోనే రాసి ఉంటుంది. ఆ జాబితాలో ఉండేది మీ పేరు కాదు, పాత విండోస్ మీ అకౌంట్‌కి ఇచ్చిన ఒక పొడవాటి నంబరు. కొత్త కంప్యూటర్‌లోనూ యూజర్ పేరు అదే పెట్టుకున్నా, నంబరు వేరే వస్తుంది. కొనుక్కున్న పొలానికి మ్యుటేషన్ చేయించుకోకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. పొలం అక్కడే ఉంది, పాసు పుస్తకంలో పేరే పాతది. ఇప్పుడు మనం చేయబోయేది ఆ మ్యుటేషనే.

ఏమేం కావాలి

కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఉండాలి. పిల్లల కోసం పెట్టిన మామూలు అకౌంట్‌తో ఇది కాదు. డిస్క్‌తో పాటు వచ్చిన కేబుల్, ల్యాప్‌టాప్ అయితే చార్జర్, పోల్చి చూడటానికి ఒక పెన్ డ్రైవ్, వీలైతే పక్కింటివాళ్లదైనా సరే ఇంకో కంప్యూటర్. టైమ్ గంట అనుకోండి. వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లున్న డిస్క్ అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను "నెవర్" చేసి పెట్టుకోండి.

కింది స్టెప్పులు విండోస్ 10, 11 రెండింటికీ పని చేస్తాయి. మ్యాక్ వాళ్ల కోసం చివర్లో కొంచెం రాశాను.

స్టెప్ 1: కేబుల్, పోర్టు

డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలేసి, వెనకవైపు పోర్టుకి నేరుగా పెట్టండి. యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేయండి. చిన్న డిస్క్‌లు కరెంటు కూడా ఆ పోర్టులోంచే తీసుకుంటాయి. అది చాలకపోతే వస్తూ పోతూ ఉంటాయి. కేబుల్ కదిపినప్పుడల్లా డిస్క్ కనబడి మాయమవుతుంటే ముందు కేబుల్ మార్చండి. ఇలా ఊగిసలాడే డిస్క్ మీద పర్మిషన్లు మార్చడం మొదలుపెడితే సగంలో ఆగిపోయి, ఉన్న చిక్కు రెండింతలవుతుంది.

స్టెప్ 2: తప్పు డిస్క్‌దా, కంప్యూటర్‌దా?

రెండు చిన్న పరీక్షలు. ఈ కంప్యూటర్‌కి ఇంకో పెన్ డ్రైవ్ పెట్టండి. ఆ తర్వాత ఈ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కి పెట్టండి.

పెన్ డ్రైవ్ కూడా "డినైడ్" అంటే తప్పు డిస్క్‌ది కాదు, కంప్యూటర్‌దే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పని చేసేవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే ఉంటుంది. బయటి డిస్క్ ఏది పెట్టినా అడ్డుకునేలా కంపెనీ ఐటీ వాళ్లు పాలసీ పెట్టి ఉంచుతారు. ఇంటికొచ్చి సొంత కంప్యూటర్‌కి పెడితే అదే డిస్క్ శుభ్రంగా తెరుచుకుంటుంది. ఆఫీసు మెషీన్‌లో ఆ పాలసీని దాటే ప్రయత్నం చేయకండి, ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమే అవుతుంది. ఐటీ టీమ్‌ని అడగండి.

పెన్ డ్రైవ్ తెరుచుకుని, ఈ డిస్క్ మాత్రం రెండు కంప్యూటర్లలోనూ మొండికేస్తే ముందుకు వెళ్దాం.

స్టెప్ 3: ఫైల్ సిస్టమ్ ఏదో చూడండి

"దిస్ పీసీ" తెరిచి, డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి "ప్రాపర్టీస్" కొట్టండి. "జనరల్" ట్యాబ్‌లో "ఫైల్ సిస్టమ్" అన్న వరుస ఉంటుంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉంటే సరే, మన దారి సరైనదే.

ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 అని ఉంటే ఆగండి. వాటిలో ఈ పర్మిషన్ల జాబితాయే ఉండదు, ప్రాపర్టీస్‌లో "సెక్యూరిటీ" ట్యాబ్ కూడా కనబడదు. "సెక్యూరిటీ ట్యాబ్ రావట్లేదు, విండోస్ పాడైందా?" అని టెన్షన్ పడేవాళ్లంతా ఈ బాపతే. అక్కడ అడ్డు ఇంకెక్కడో ఉంటుంది: ఆఫీసు పాలసీ, యాంటీవైరస్, లేదా దెబ్బతిన్న ఫైల్ సిస్టమ్.

ఆ వరుసలో "రా" అని ఉంటే, అంటే ఫైల్ సిస్టమ్‌ను విండోస్ గుర్తుపట్టలేకపోతే, పర్మిషన్లు మార్చినందువల్ల ఒరిగేదేమీ లేదు. అది రికవరీ చేసేవాళ్ల పని.

డిస్క్ గుర్తు మీద తాళం బొమ్మ ఉంటే అది బిట్‌లాకర్, అంటే కీ లేనిదే డిస్క్ చదవనివ్వకుండా విండోస్ వేసే తాళం. దాని సంగతి కింద ఉంది.

స్టెప్ 4: ముందు "కంటిన్యూ" కొట్టి చూడండి

డిస్క్ తెరుచుకుని, లోపల ఏదో ఒక ఫోల్డర్ మాత్రమే అడ్డుపడుతుంటే, వచ్చే చిన్న పెట్టెలో "కంటిన్యూ" అన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే విండోస్ తనంతట తానే ఆ ఫోల్డర్ జాబితాలో మీ అకౌంట్‌ను చేరుస్తుంది. పెద్ద ఫోల్డర్ అయితే కాస్త సేపు పడుతుంది. ఏమీ జరగట్లేదనుకుని మూసేయకండి. చాలామందికి పని ఇక్కడే అయిపోతుంది.

స్టెప్ 5: ఓనర్‌ను మార్చడం

మొత్తం డిస్కే తెరుచుకోనప్పుడు ఇది. ముందు డ్రైవ్ అక్షరం రెండుసార్లు చూసుకోండి. ఇ డ్రైవ్ అనుకుని డి డ్రైవ్ మీద చేసినవాళ్లున్నారు. సి డ్రైవ్ మీద మాత్రం ఈ పని ఎప్పుడూ చేయకండి. విండోస్ తన సొంత ఫైళ్లకు పెట్టుకున్న కాపలా తీసేస్తే రేపు అప్‌డేట్లు ఆగిపోతాయి, ప్రోగ్రాములు తెరుచుకోవు.

1. డిస్క్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, "సెక్యూరిటీ" ట్యాబ్. అక్కడ జాబితా చూసే హక్కు కూడా మీకు లేదన్న మాట కనబడవచ్చు. ఫరవాలేదు, "అడ్వాన్స్‌డ్" కొట్టండి.

2. కొత్త కిటికీలో పైన "ఓనర్" అని ఉంటుంది. దాని ఎదురుగా ఓనర్ పేరు చూపించలేకపోతున్నామనో, ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి అంకెల వరుసో ఉంటుంది. అదే మనం చెప్పుకున్న పాత పట్టాదారు. పక్కన "చేంజ్" నొక్కండి.

3. పెట్టెలో "అడ్మినిస్ట్రేటర్స్" అని ఇంగ్లీషులో టైప్ చేయండి. చివర ఎస్ మర్చిపోవద్దు, ఎస్ లేకపోతే అది వేరే అకౌంట్. "చెక్ నేమ్స్" కొడితే పేరు కింద గీత పడుతుంది. గీత పడితే విండోస్ గుర్తుపట్టినట్టు. ఓకే కొట్టండి.

4. ఓనర్ కిందే "రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్" అన్న గడి కొత్తగా వస్తుంది. దానికి టిక్ పెట్టండి. ఈ టిక్ మర్చిపోయి, "పై ఫోల్డర్ తెరుచుకుంది గానీ లోపలివి రావట్లేదు" అని ఫోన్ చేస్తారు చాలామంది.

5. "అప్లై" కొట్టండి. ఆ డైరెక్టరీలు చదివే హక్కు మీకు లేదు, పాత పర్మిషన్లు తీసేసి మీకు పూర్తి హక్కు ఇవ్వమంటారా అని అడగవచ్చు. మీ సొంత డిస్క్ అయితే "యస్". నలుగురు వాడే ఆఫీసు డిస్క్ అయితే "నో" కొట్టి, దాన్ని చూసుకునేవాళ్లకు చెప్పండి.

6. పని అయ్యాక తెరిచిన కిటికీలన్నీ ఓకే కొట్టి మూసేయండి. ప్రాపర్టీస్ కూడా. మళ్లీ మొదటినుంచి తెరిస్తేనే కొత్త ఓనర్ హక్కులు సరిగా అమల్లోకి వస్తాయి.

ఓనర్ మారినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. పట్టా మీ పేరున వచ్చింది, తాళం చెవి ఇంకా చేయించాలి.

స్టెప్ 6: పర్మిషన్ ఇవ్వడం

1. మళ్లీ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. "యాడ్" బటన్ కనబడకపోతే "చేంజ్ పర్మిషన్స్" నొక్కండి, వస్తుంది.

2. "యాడ్" కొట్టి, పైన నీలం రంగులో ఉన్న "సెలెక్ట్ ఎ ప్రిన్సిపల్" నొక్కండి. పెట్టెలో "ఆథెంటికేటెడ్ యూజర్స్" అని ఇంగ్లీషులో టైప్ చేసి చెక్ నేమ్స్, ఓకే.

3. "టైప్" దగ్గర "అలౌ" ఉండాలి. "అప్లైస్ టు" దగ్గర "దిస్ ఫోల్డర్, సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్" ఉండాలి. కింద "ఫుల్ కంట్రోల్"కి టిక్ పెట్టి ఓకే కొట్టండి.

4. జాబితాలో "డినై" అన్న వరుస ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే దాన్ని ఎంచుకుని "రిమూవ్" చేయండి. ఒకే జాబితాలో అలౌ, డినై రెండూ ఉంటే డినై మాటే చెల్లుతుంది. ఇది తెలియక ఎన్ని అలౌలు పెట్టినా ఫలితం ఉండదు.

5. కింద "రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్ ఎంట్రీస్" అని మొదలయ్యే గడికి టిక్ పెట్టి అప్లై. హెచ్చరిక వస్తే యస్.

పెట్టెలో మీ సొంత యూజర్ పేరు ఎందుకు పెట్టొద్దంటే, మీ పేరు ఈ కంప్యూటర్‌కే పరిమితం. వచ్చే ఏడాది ఇంకో ల్యాప్‌టాప్ కొంటే ఇదే నాటకం మళ్లీ మొదలు. "ఆథెంటికేటెడ్ యూజర్స్" అన్న గుంపు నంబరు మాత్రం ఏ విండోస్‌లోనైనా ఒక్కటే, ఎస్-1-5-11. అందుకని ఎక్కడ పెట్టినా తెరుచుకుంటుంది. ఫొటోగ్రాఫర్లు, డీటీపీ వాళ్లు, డిస్క్ పట్టుకుని నాలుగు చోట్ల తిరిగేవాళ్లందరికీ నేను ఇదే పెడతాను.

"మరి ఎవరైనా తెరిచేస్తారు కదా?" అని కొందరి అనుమానం. నిజమే. కానీ ఇప్పుడు మీరేం చేశారో చూడండి, పాత పాస్‌వర్డ్ ఏదీ అడగకుండానే తలుపు తీశారు. డిస్క్ చేతికి చిక్కితే దొంగ కూడా ఇదే చేస్తాడు. రహస్యాలుంటే డిస్క్‌కి బిట్‌లాకర్ పెట్టుకోవాలి, ఈ పర్మిషన్ల మీద భరోసా పెట్టుకోకూడదు.

స్టెప్ 7: మధ్యలో వచ్చే ఎర్రర్లు

పని నడుస్తుండగా "ఫెయిల్డ్ టు ఎన్యూమరేట్ ఆబ్జెక్ట్స్ ఇన్ ది కంటైనర్" అని ఆగవచ్చు. ఏ ఫోల్డర్ పేరు చెబుతోందో చూడండి. అది "సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్" అయితే పట్టించుకోకుండా కంటిన్యూ కొట్టండి. అది విండోస్ సొంత అల్మరా, అందులో మీ ఫొటోలేం ఉండవు. మీ సొంత ఫోల్డర్ దగ్గర ఆగితే, ఒక్క ఆ ఫోల్డర్ మీదే స్టెప్ 5, 6 మళ్లీ చేయండి. దాదాపు ఎప్పుడూ ఓనర్ మార్చాక కిటికీలు మూసి తెరవకపోవడమే కారణం.

ఇదే పనిని కమాండ్ ప్రాంప్ట్‌లో టేక్‌ఓన్, ఐక్యాకిల్స్ అనే కమాండ్లతోనూ చేయొచ్చు. అలవాటున్నవాళ్లకు అదే సులువు. అలవాటు లేకపోతే వద్దు. అక్కడ డ్రైవ్ అక్షరం ఒక్కటి తప్పు పడితే అడిగేవాడుండడు, ఆపేవాడుండడు.

పాత ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ అయితే

పాత ల్యాప్‌టాప్ చెడిపోతే లోపలి డిస్క్ తీసి, కేసింగ్‌లో పెట్టి ఎక్స్‌టర్నల్‌గా వాడుకునేవాళ్లు ఎక్కువ. మంచి పనే. కానీ దీనికి కొన్ని వేరే చిక్కులున్నాయి, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మొత్తం డిస్క్ ఓనర్‌ను మార్చాల్సిన పని లేదు. అందులో "యూజర్స్" అన్న ఫోల్డర్ తెరిచి, మీ పాత యూజర్ పేరున్న ఫోల్డర్ మీద కంటిన్యూ కొట్టండి, కుదరకపోతే ఆ ఒక్క ఫోల్డర్‌కే స్టెప్ 5, 6 చేయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అన్నీ అక్కడే ఉంటాయి.

"డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" అన్న ఫోల్డర్ కనబడి, ఎంత తన్నుకున్నా తెరుచుకోకపోతే కంగారు పడకండి. అది ఫోల్డర్ కాదు, పాత కాలం ప్రోగ్రాముల కోసం పెట్టిన దారి చూపే పలక. విండోస్ విస్టా నుంచి అసలు ఫైళ్లన్నీ "యూజర్స్"లోకి మారాయి. ఏ లోపమూ లేని కంప్యూటర్‌లో కూడా ఆ పలక మీద నొక్కితే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అనే వస్తుంది. డాక్యుమెంట్స్ లోపల కనబడే "మై మ్యూజిక్", "మై వీడియోస్" సంగతీ అంతే. ఒక పెద్దాయన రెండు రోజులు ఆ ఒక్క పలకతో కుస్తీ పట్టి నా దగ్గరికొచ్చారు. ఆయన ఫైళ్లు పక్క ఫోల్డర్‌లో హాయిగా ఉన్నాయి.

కొంచెం కొత్త ల్యాప్‌టాప్ అయితే, మీకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే దానికి బిట్‌లాకర్ తాళం పడి ఉండవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో అది తనంతట తానే ఆన్ అవుతుంది. బయటికి తీసి గుచ్చితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి, డివైసెస్‌లో బిట్‌లాకర్ కీల జాబితా చూడండి. అడుగుతున్న పెట్టెలో కీ ఐడీ కూడా ఉంటుంది. మొదటి 8 అక్షరాలు కలిసే కీనే కొట్టాలి. కీ లేకపోతే ఓనర్ మార్చడం, ఫలానా సాఫ్ట్‌వేర్ కొనడం ఏదీ పని చేయదు. "మేం తీస్తాం" అని డబ్బులడిగేవాళ్లను నమ్మకండి.

డిస్క్ తెరుచుకుని, పర్మిషన్లన్నీ ఇచ్చాక కూడా కొన్ని ఫైళ్లు మాత్రం "డినైడ్" అంటూ, వాటి గుర్తు మీద చిన్న తాళం కనబడితే, అవి పాత కంప్యూటర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు. వాటికి పాత అకౌంట్ సర్టిఫికెట్, అంటే వాటి తాళం చెవి లాంటి ఫైల్, కావాలి. పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే డిస్క్‌ను మళ్లీ అందులోనే పెట్టి, అక్కడే ఎన్‌క్రిప్షన్ తీసేసి తెచ్చుకోండి. ఆ కంప్యూటర్‌ను ఫార్మాట్ కొట్టేసి ఉంటే, సర్టిఫికెట్ బ్యాకప్ కూడా లేకపోతే, ఆ ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలి.

తెరుచుకుంటుంది గానీ సేవ్ కావట్లేదా?

ఇది కాస్త వేరే జబ్బు. విండోస్ సెక్యూరిటీలో "ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్" కింద "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అని ఒకటుంది. ఎప్పుడో ఆన్ చేసి, మీ డిస్క్‌లోని ఫోల్డర్‌ను కాపాడే జాబితాలో పెట్టి ఉంటే, కొన్ని ప్రోగ్రాములను అక్కడ రాయనివ్వదు. దాన్ని పూర్తిగా ఆఫ్ చేయకుండా, మీరు వాడే ప్రోగ్రామ్‌ను మాత్రం అనుమతి జాబితాలో చేర్చండి. "రైట్ ప్రొటెక్టెడ్" అని వస్తే, మెమరీ కార్డు అయితే ముందు పక్కనున్న చిన్న మీట పైకి జరపండి. నవ్వుకోకండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

మ్యాక్ వాడేవాళ్లకు

విండోస్ డిస్క్‌ను మ్యాక్‌కి పెడితే చదవనిస్తుంది, రాయనివ్వదు. మ్యాక్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ సంగతి అంతే, డిస్క్ చెడిపోలేదు. రెండు చోట్లా వాడే డిస్క్ అయితే, డేటా అంతా వేరేచోటికి ఎక్కించుకున్నాక ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. ఒక యాప్ మాత్రమే డిస్క్‌ను చూడలేకపోతుంటే, సిస్టమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ఫైల్స్ అండ్ ఫోల్డర్స్‌లో ఆ యాప్ కింద "రిమూవబుల్ వాల్యూమ్స్" ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎప్పుడో అది అనుమతి అడిగినప్పుడు మీరు వద్దని నొక్కి ఉంటారు. ఇంకో మ్యాక్‌లో వాడిన డిస్క్ అయితే, దాన్ని ఎంచుకుని "గెట్ ఇన్ఫో" తెరవండి, అడుగున తాళం తీసి "ఇగ్నోర్ ఓనర్‌షిప్ ఆన్ దిస్ వాల్యూమ్"కి టిక్ పెట్టండి.

తరచూ చేసే తప్పులు

డిస్క్ డినైడ్ అనగానే "చెక్ డిస్క్" (డిస్క్‌లో తప్పులు వెతికి దిద్దే విండోస్ పనిముట్టు) నడిపించడం. పర్మిషన్ గొడవకు దానితో పని లేదు. చెడుతున్న డిస్క్ మీద అది గంటలకొద్దీ రుద్దుతుంది. డేటా కాపీ అయ్యాకే చెక్ డిస్క్.

పని నడుస్తుండగా ఆగిపోయిందనుకుని కేబుల్ లాగేయడం. ఫైళ్ల పేర్లు గిర్రున తిరుగుతుంటే అది నడుస్తున్నట్టే. డిస్క్ మీది లైటు కూడా మిణుకుమిణుకుమంటూ ఉంటుంది.

ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చి అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయడం. దీనివల్ల దక్కాల్సినవి కూడా పోతాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. అదే డిస్క్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి కట్-పేస్ట్ చేస్తే ఫైల్ తన పాత పర్మిషన్లను వెంటబెట్టుకుని పోతుంది. కాపీ చేస్తే మాత్రం కొత్త చోటి పర్మిషన్లు తీసుకుంటుంది. అందుకని ఒకటి రెండు ఫైళ్లు తెరుచుకుంటున్నా ఇబ్బంది పెడుతుంటే, వాటిని సి డ్రైవ్‌కి కాపీ చేసి, అక్కడి నుంచి తిరిగి తెచ్చుకోండి.

పని అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

పై ఫోల్డర్ తెరుచుకోగానే అయిపోయిందనుకోవద్దు. ముందు డిస్క్ ప్రాపర్టీస్‌లో "యూజ్డ్ స్పేస్" ఎంతుందో చూడండి. తర్వాత డిస్క్ తెరిచి, లోపలి ఫోల్డర్లన్నీ ఎంచుకుని వాటి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మంచిదే. డిస్క్‌లో 600 జీబీ వాడినట్టు చూపిస్తూ, ఫోల్డర్ల లెక్క 80 జీబీకే ఆగిపోతే ఏవో ఫోల్డర్లు ఇంకా మూసే ఉన్నాయన్నమాట. ఒక్కో ఫోల్డర్ సైజు చూసుకుంటూ పోతే ఎక్కడ ఆగిందో దొరుకుతుంది.

ఆ తర్వాత బాగా లోపలి ఫోల్డర్లలోంచి నాలుగైదు ఫైళ్లు తెరవండి, బాగా పాతవి కొన్ని, కొత్తవి కొన్ని. వీడియో అయితే మొదటి సెకను చూసి ఆపేయకుండా మధ్యలోకి జరిపి ఆడించండి. ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ సృష్టించి, పేరు మార్చి, తీసేయండి. మూడూ జరిగితే రాసే హక్కు కూడా వచ్చినట్టు.

ఇప్పుడు ముఖ్యమైనవి ఇంకోచోటికి కాపీ చేసుకోండి. ఆ ఫొటోగ్రాఫర్‌తో నేను అక్కడే కూర్చోబెట్టి చేయించాను. "తర్వాత చేస్తాలే అన్నా" అంటే ఊరుకోలేదు.

కాపీ అయ్యాక "ఎజెక్ట్" కొట్టి డిస్క్ తీసి, ఇంకో కంప్యూటర్‌కి పెట్టండి. అక్కడ ఏ ప్రశ్నా అడగకుండా తెరుచుకుంటే మీ మ్యుటేషన్ పూర్తయింది. అక్కడ మళ్లీ డినైడ్ అంటే, స్టెప్ 6లో మీ సొంత పేరు పెట్టి ఉంటారు. ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి.